మా పేటలో పల్లం లేదు

మా పక్కింటి డ్రాయింగు మాస్టారిని అందరూ మంచివాడంటారు. ఎవరేమడిగినా "సరేనండి" అనడమే ఆ మంచితనం. బళ్లో పనిచేసినన్నాళ్లూ హెడ్మాస్టరు పుట్టినరోజుకీ, హెడ్మాస్టరుగారి కుక్క పుట్టినరోజుకీ కూడా రంగుల అట్టలు వేసిపెట్టాడు. రిటైరయ్యాక ఆ సేవ పేటకు దక్కింది. పిల్లలు 'సరే మాస్టారు' అని పేరు పెడితే, దానికీ నవ్వి ఊరుకున్నాడు.

ఈమధ్య వానలు వానల్లా కురవడం మానేశాయి. నెల్లాళ్లు మొహం చాటేసి, ఒక్క పూటలో కుమ్మరించి పోతున్నాయి. అందుకని పురపాలక సంఘంవాళ్లు ప్రతి పేటా తన జాగ్రత్త తనే చూసుకునేలా ప్రణాళిక వేసుకోమన్నారు. నీళ్లు నిలిచే ఇళ్లను పటంలో నీలంగా చూపించాలి. గట్టి వానొస్తే నీళ్లు తోడే ఇంజను ముందుగా నీలం ఉన్నచోటికే వస్తుంది. ఆటస్థలాన్ని మాత్రం రంగు వెయ్యకుండా ఖాళీగా వదిలెయ్యాలి, అక్కడ చేరిన నీళ్లు తోడకుండా నేలలోకి ఇంకనివ్వాలి. చిన్నపిల్లలకైతే వెంటనే అర్థమయ్యేది. మా పేటలో నిర్ణయాలు తీసుకునేది పెద్దవాళ్లు.

పటాన్ని పేట సంఘం హాలు గోడమీద వేసే పని మాస్టారికి అప్పగించారు. నిజం చెప్పొద్దూ, బాగా వేశాడు. వీధులు, సందులు, మలుపులు, ఆఖరికి ఇస్త్రీ బండి కూడా. పల్లపు ఇళ్లకు నీలం, నీళ్లు చేరేచోటే కదా అని ఆటస్థలానికీ నీలం. ఆ రంగు ఆరకముందే మందుల షాపాయన ఊడిపడ్డాడు.

"ఏంటి మాస్టారూ, మా ఇంటిని ముంచేశారు!"

"వానొస్తే మీ గుమ్మంలోకి నీళ్లొస్తాయి కదండీ..."

"వస్తాయి, పోతాయి. మీ రంగు పోతుందా? మేడమీద వాటా అద్దెకిస్తానని బోర్డు పెట్టుకున్నాను. ఇది చూశాక ఎవడొస్తాడు?"

"సరేనండి."

నీలం మీద తెలుపు పడింది.

మర్నాడు కిందిసందులోని ఇంజినీరుగారి భార్య వచ్చింది. కిందటి వానలో ఆ దంపతులు మంచమెక్కి కూర్చున్న సంగతి పేటంతా ఎరుగును.

"ఎదురింటావిడది తెల్లగా ఉంది, మాది నీలమా? ఆవిడకన్నా మేం తక్కువవాళ్లమా మాస్టారూ?"

ఎదురింటావిడ ముందురోజే వచ్చి చెరిపించుకుని వెళ్లిందని చెప్పే ధైర్యం మాస్టారికి లేదు. "సరేనమ్మా."

ఆ సందు చివరే మాస్టారి అక్క కొట్టు. నేలమట్టానికున్న గది, రెండు కుట్టుమిషన్లు. భర్త పోయాక ఆమె బతుకంతా వాటిమీదే. అవి పాడైతే రేపటికి పొయ్యి వెలగదు. మెళ్లో టేపుతోనే హాలుకొచ్చి గోడను ఎగాదిగా చూసింది.

"ఒరేయ్, ఎవరిది తుడుస్తావో తుడుచుకో. నా కొట్టుమీద మాత్రం చెయ్యి వెయ్యకు. నాకు ఆ ఇంజను కావాలి."

"సరే అక్కా."

సాయంత్రం ఇంజినీరుగారి భార్య మళ్లీ వచ్చింది. "మీ అక్కగారి కొట్టొక్కటీ నీలంగా ఉంటే సందంతా పల్లమని తెలిసిపోదూ? మా పరువు చూడండి కాస్త."

అదీ సరే అయింది. అక్కకు చెప్పను కూడా లేదు.

చివరికి గోడమీద నీలం ఆటస్థలంలోనే మిగిలింది. దాన్ని తుడవమని అడగడానికి అక్కడ ఎవరూ కాపురం లేరు మరి! సంఘం అధ్యక్షుడు ఆ గోడముందు నిలబడి, మన పేటలో పల్లమన్నదే లేదని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏటా మోకాళ్లలోతు నీళ్లలో నడిచేవాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు.

వాన వచ్చింది. ఇంజనూ వచ్చింది. దాంతో వచ్చిన మేస్త్రీ గోడ చూసుకుని నేరుగా ఆటస్థలానికి పోయి, ఇంకాల్సిన నీళ్లన్నీ తోడి కాలవలోకి వదిలాడు. ఆ కాలవ పోయేది కిందిసందులోకే. మాస్టారు గొడుగేసుకుని పరుగున వెళ్లాడు.

"బాబూ, అక్కడ మా అక్క కొట్టుందండీ. మునిగిపోతోంది."

"నీలం వేసుందా?"

"లే... లేదండీ."

"మరింకేంటి?"

ఆ పటం గీసింది నేనే, తప్పుడు పటమది అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. మాస్టారు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"సరేనండి."

నీళ్లు తీశాక చూస్తే మిషన్ల మోటార్లు కాలిపోయాయి. కుట్టాల్సిన బట్టలు ఒకదాని రంగు ఒకదానికి పూసుకుని ముద్దలై ఉన్నాయి. ఈలోగా తడిసిన ఇళ్లకు సాయం అందుతుందన్న పుకారు పుట్టి, హాలు ముందు జనం మూగారు. "మాది మొదట్నుంచీ పల్లమే మాస్టారూ!" మందుల షాపాయన అందరికన్నా ముందున్నాడు. మాస్టారు మళ్లీ నీలం కలిపాడు. ఆ పూట గోడమీద, ఎత్తున ఉన్న నీళ్ల ట్యాంకు కూడా నీలంలో మునిగింది.

అక్క గోడవైపు తిరిగి చూడలేదు. రిక్షాలో మిషన్లు వేయించుకొచ్చి, తమ్ముడి మేడమీద గదిలో దింపించింది. ఆయన బొమ్మలన్నీ వరండాలోకి చేర్చింది. ఆయన్ని అక్కడే నేలమీద కూర్చోబెట్టి, చేతికి గుడ్డా నూనె డబ్బా ఇచ్చింది.

"తుప్పు వదిలేదాకా తుడువు. తుడవడం బాగా వచ్చుగా నీకు."

అప్పుడే ఇంజినీరుగారి భార్య ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "నా పట్టు జాకెట్టు ఏదీ? పెళ్లికెళ్లాలి!"

"మునిగింది," అంది అక్క.

"అయ్యో, మునగడమేంటి?"

"అదే నాకూ తెలీదమ్మా, మన సందులో పల్లమే లేదుగా. మీ ఆయన ఇంజినీరు కదా, ఇంటికెళ్లి ఆయన్నే అడుగు."

మాస్టారు తల ఇంకాస్త వంచి, చక్రం కింద తుడవసాగాడు.