వానకు బదులు చిందుపాట

స్కాట్లండు మనిషి పియానో ముందు కూర్చుంటే మీరు సంగీతం వినడానికి వెళతారా, అతడు కట్టిన కిల్టు లంగా చూడడానికా? అక్కడి పెర్త్ పట్టణంలో ఈ ప్రశ్నకు బలైనవాడు మర్డో గాల్‌బ్రెయిత్. యాభై దాటిన ఈ సన్నని మనిషి చలికి బిగిసిన వేళ్ళను చంకల్లో దాచుకుని వేదిక ఎక్కుతాడు. కుర్చీని పైకీ కిందికీ తిప్పి మళ్ళీ మొదటి ఎత్తుకే తెస్తాడు. ముక్కు చీదిన రుమాలుతోనే పియానో మెట్లను తుడుస్తాడు. తన ఊరి వాన మీద అతడొక నిదానమైన రచన చేశాడు. నిర్వాహకులు ప్రతిసారీ దాన్ని కచేరీలోంచి తీసేసి, ఎడమచేత్తో బ్యాగ్‌పైపు అనే తిత్తిబూర రొదను అనుకరిస్తూ చిందుపాట వాయించమంటారు. అతడూ కాదనలేక వాయిస్తాడు.

ఆ శనివారం కచేరీకి ముందు సభ కార్యదర్శి ఎఫీ రాంకిన్ గళ్ళ కిల్టు పట్టుకొచ్చింది.

"వేసుకో నాయనా. ప్యాంటులో చూస్తే లండన్ వాడివనుకుంటారు."

"పెడల్ తొక్కితే మోకాళ్ళు కదులుతాయి పిన్నీ! వేదికేమో ఎత్తు. ముందు వరుసలో పాస్టరు గారి భార్య."

"ఆ సీటు కోసమే ఆవిడ నా ప్రాణం తీస్తోంది!"

"మరి నా వాన?"

"బయట కురిసేది చాలదూ? లోపల కూడానా!"

మర్డో ప్యాంటుతోనే వెళ్ళి వానను వాయించాడు. మర్యాదకు కొట్టిన చప్పట్లు ఆగకముందే "చిందు! చిందు!" అంటూ వెనక వరుసలవారు కాళ్ళతో నేల దద్దరిల్లజేశారు. తెరచాటు నుంచి ఎఫీ తన ఎడమచెయ్యి ఊపి చూపింది. మర్డో వంగి నమస్కరించి, తిరిగి కూర్చుని, వానను మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.