వేప కాని చెట్టు

మా ఇంటి ముందు చెట్టు వేప కాదని నాటిన ఏడాది నుంచీ చెబుతూనే ఉన్నాను. ఎవరూ చెవిన పెట్టలేదు. తీరా ఉగాది పూట గట్టిగా చెబితే, అప్పుడే పుట్టించి చెప్పినట్టు అందరూ నా మీద పడ్డారు.

ఆ మొక్కను మా అత్తమ్మ వేప అనుకుని జగిత్యాల నర్సరీలో కొన్నది. బస్సులో ఒళ్లో పెట్టుకుని కోరుట్ల దాకా తెచ్చింది. చూస్తుండగానే అది డాబా దాటింది. వేప అంత తొందరపడి పెరగదు. ఆకు తెంపి చూపించాను. వేపకు ఒకటే కాడ, దానికి అటూ ఇటూ ఆకులు. దీని కాడకు మళ్లీ పిల్లకాడలు, ఆకులుండేది వాటికి. దూరం నుంచి రెండూ ఒకటే, చేతిలోకి తీసుకుంటే వేరు. ఇది కొండవేప. ఇబ్రహీంపట్నం దగ్గర మా ఊళ్లో దీని పండ్లు తిని మా అమ్మ మేక ఒకటి నురగలు కక్కి చచ్చింది. ఇదంతా చెబితే నాకు నోరెక్కువని అత్తమ్మ తేల్చేసింది.

ఈ ఏడు చెట్టు మొదటిసారి పూసింది. పువ్వు ఊదారంగు. వేపపువ్వు తెల్లగా ఉంటుందని అత్తమ్మకు తెలియక కాదు. తను నీళ్లు పోసి పెంచిన చెట్టు తొలిపూత, పచ్చట్లో వెయ్యకుండా ఆమె ప్రాణం ఊరుకోలేదు. ఉగాది పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి కొత్తకుండలో చింతపండు పులుసు, బెల్లం, మామిడి ముక్కలు, వాటి మీద ఊదా పువ్వులు. కుండ మెడకు కూడా ఆ కొమ్మలే కట్టింది. మా దిక్కు ఉగాది పచ్చడి గ్లాసుల్లో తాగుతాం. మా కుండ వాడకట్టంతా తాగుతుంది. మొదటి గ్లాసు మాత్రం నాలుగేళ్ల నా బిడ్డకు.

సిరిసిల్ల నుంచి పండుగకు వచ్చిన ఆడబిడ్డ ఆకును ఫోన్‌లో ఫొటో తీసి, ఇది వేప కుటుంబమేనని చదివి వినిపించింది. అయితే ఏమిటి? నేనూ అత్తమ్మా ఒక్క కుటుంబమే. ఒక్క తీరుగా ఉన్నామా?

పచ్చడికి వచ్చిన వాడకట్టు ఆడవాళ్లు పువ్వు తీసేసి తాగుదామన్నారు. ఒక్క గుక్కకు ఏమీ కాదన్నారు. కాకపోవచ్చు. పువ్వు సంగతి నాకు తెలియదు, కాయ సంగతి తెలుసు. తెలియనిదాన్ని నా బిడ్డ నోట్లో పోయనివ్వను. అత్తమ్మ కుండలో గ్లాసు ముంచబోయింది. నేను కుండ ఎత్తుకుపోయి మురుగు పారే మోరీలో కుమ్మరించాను.

సంవత్సరాది నాడు పచ్చడి పారబోసిన కోడలని ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ. నేను తల దించలేదు. షేర్ ఆటో ఎక్కి ఊరి బయటికి పోయి అసలు వేపపువ్వు తెచ్చాను, మళ్లీ పులుసు పిసికాను. అందరూ తాగారు. అత్తమ్మ ముట్టలేదు.

మర్నాడు గొడ్డలి పట్టుకుని కూలిమనిషి వచ్చాడు. అత్తమ్మే పిలిపించింది.

"కొట్టెయ్. యాప గానిది నా ఇంటి ముంగట ఎందుకు?"

నాకు కోపమొచ్చింది. పోయి చెట్టుకు అడ్డంగా నిలబడ్డాను.

"యాపనని గది నీకు చెప్పిందా అత్తమ్మా? గా పేరు మనం వెట్టినం. ఎండలల్ల నీ మంచానికి నీడ దానిదే. కాయలు పండకముందే నేను దులిపేస్త, ఉండనీ."

"నిన్న దాన్ని తిడ్తివి, ఇయ్యాల దాని దిక్కు నిలవడ్తివి."

"తిట్టలే. గది ఏందో చెప్పిన."

కూలిమనిషి ఇద్దరి మొహాలూ చూసి గొడ్డలి కింద పెట్టాడు. అత్తమ్మ వాకిట్లో ఆడుకుంటున్న మనవరాలి చేయి పట్టుకుని చెట్టు కింది నుంచి అవతలికి తీసుకుపోయింది. అక్కడి నుంచి నా వైపు వేలు చూపించింది.

"కాయ ఒక్కటి గీ పిల్ల నోట్లె వడ్డా నేనూకోను."

"నేనూ ఊకోను అత్తమ్మా" అన్నాను.