తీగకు వేలాడిన ఐదూ పది

మొక్కుకునేవాళ్ళను చాలా దేశాల్లో చూశాను. కొమ్మలకు పేలికలు కట్టేవాళ్ళు, గోడ సందుల్లో చీటీలు దూర్చేవాళ్ళు. మిన్నెసోటా ఉత్తరాన, ఇనుపగనుల నడుమ మా ఊరి బడిలో పరుగుపందెం పిల్లల మొక్కు బూటులో ఉండేది. మైలు ఎంతసేపట్లో పరుగెత్తాలో ఏడాది మొదట్లోనే చీటీ మీద రాసి, బూటు లోపలి అట్ట కింద పెట్టాలి. ఆ వేగం అందుకున్నాకే తీసి కోచ్ గది బోర్డుకు గుచ్చాలి. ముందే తీసి చూస్తే అపశకునం.

ఆయిలీ కోర్పెలా రాసింది ఐదు నిమిషాల పది సెకన్లు. స్నేహితురాలు మార్లిస్ రాసింది ఐదూ ఇరవై.

"ఐదూ పదా! వెనక తోడేలు పడితే తప్ప నీ వల్ల కాదే!" అంది మార్లిస్.

"నువ్వున్నావుగా తోడేలువి. పట్టుకో చూద్దాం."

ఆ ఏప్రిల్లో మార్లిస్ గడ్డకట్టిన సరస్సు మీదుగా అడ్డదారిన ఇంటికి వస్తూ, మెత్తబడిన మంచు విరిగి మునిగిపోయింది. పరుగు ముగిసినవాళ్ళ బూట్లు కరెంటు తీగకెక్కించడం మా ఊరి అలవాటు. అంత్యక్రియల రోజు ఆయిలీ బడిలో మిగిలిన మార్లిస్ బూట్ల లేసులు ముడేసి, సరస్సు దారిలోని తీగ మీదికి విసిరింది.

మే నెల పందెంలో ఆయిలీ ఐదూ ఇరవైలో పరుగెత్తింది. సెకను అటూ ఇటూ లేదు. వారం తర్వాత చిరిగిన అట్ట మార్చబోతే కింద చీటీ. మార్లిస్ చేతిరాత! బడి ఇచ్చిన బూట్లు, ఒకే ఎరుపు, ఒకే సైజు. ఏడుస్తూ విసిరింది తన జతనే, కాళ్ళకు మిగిలింది మార్లిస్‌ది.

ఎవరికీ చెప్పలేదు. చీటీ దాచేసింది. ఆపై పదేళ్ళు పరుగెత్తినా ఐదూ ఇరవై కంటే ఒక్క సెకను తగ్గలేదు.

"పక్కనే తడిబూట్ల చప్పుడు వస్తుంది. ఆఖరి మలుపు దగ్గర ఆగిపోతుంది. దాంతోపాటు నా కాళ్ళూ పడిపోతాయి," అని నాకొకసారి చెప్పింది. అప్పటికామె అదే బడిలో ఆటల టీచరు, దేశాలు తిరిగొచ్చిన నేను బడిబస్సు డ్రైవరును.

నిరుడు వసంతంలో తీగలు తీసి భూమిలో వేశారు. ఆ బూట్లు దింపి తెచ్చినవాడు డెరిక్, ఆమె దగ్గర చదువుకున్నవాడే.

"టీచర్, ఇవి మీ కాలంవేనట కదా! పక్షులు నలభై ఏళ్ళు కాపురం చేశాయి. అద్దె అడగండి."

ఆయిలీ బూటు అందుకుని అట్ట ఎత్తింది. చీటీ పిప్పి అయిపోయింది, ఒక్క అంకె లేదు.

"నాది పోయింది," అంది. "మార్లిస్‌ది ఆ మేలోనే గెలిచిందే. బోర్డెక్కకుండా చేసింది నేను."

నేరుగా బడికి పోయి దాచిన మార్లిస్ చీటీని బోర్డుకు గుచ్చింది. తర్వాత మైదానంలోకి దిగింది. అరవై ఒకటో ఏట మైలు పరుగు. గడియారం వెంట వెళ్ళిన నా చేతికిచ్చింది. పదమూడు నిమిషాలు పట్టింది.

"ఆ చప్పుడు వినిపించిందా?" అన్నాను.

"వినిపించింది."

"మలుపు దగ్గర?"

మోకాళ్ళ మీద చేతులాన్చి రొప్పుతూ ఖాళీ దారి కేసి చూసింది.

"ఆగలేదు. నన్ను దాటిపోయింది."