గంగాలమ్మ చోడి చేను

కూర్మన్నపాలెం జంక్షన్లో గంగాలమ్మ చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగని స్టీలు ప్లాంటు కూలీ లేడు. చెయ్యి ఎంత పెద్దదో నోరూ అంత పెద్దది. "లోటా కడగకుండా ఇచ్చినావంటే మొకాన పోసేత్తాను" అని ఎంతటివాడినైనా దులిపేసేది.

అంబలికి బజారు చోళ్ళే. తన చోళ్ళ జోలికి మాత్రం ఎవర్నీ రానిచ్చేది కాదు. అవి అత్తగారి నాటి విత్తనం. ప్లాంటు కింద ఊరు పోతున్నప్పుడు పొలంలో కొయ్యలు పాతి తాళ్ళు కట్టారు. మొగుడు కనబడ్డవాళ్ళందర్నీ అడిగి, "కోతలయ్యేదాకా ఎవులొత్తారే" అని తాపీగా కూర్చున్నాడు. ఈలోగా చేను తవ్వేశారు, పంట చేతికి రాలేదు. ఆనపకాయ బుర్రలో దాచిన శేరు గింజలే మిగిలాయి. ఆ బెంగతోనే మొగుడూ పోయాడు పాపం.

అప్పట్నుంచీ కొండ మీద ఊళ్ళో తమ్ముడు చలమయ్య ఇచ్చిన పదిసెంట్ల చెక్కలో ఏటా చల్లుకుని, కోతకు ముందు మంచి కంకులు తనే ఏరి విత్తనానికి దాచుకునేది. ఆ ఏడాది, ఎనభై రెండులో, అట్టేపెట్టిన గింజ పాతబడుతోందని ఒక్కటీ మిగల్చకుండా చల్లేసింది.

ఓ రోజు అంబలి తాగుతూ ఎవడో అన్నాడు. "మీ తమ్ముడోళ్ళ కొండ మీద బుద్ధుడి కాలం ఇటుకలు బయటపడ్డాయటమ్మా! గవర్నమెంటోళ్ళు తవ్వుతన్నారంట."

గంగాలమ్మ కుండ పక్కింటావిడకు అప్పజెప్పి బస్సెక్కేసింది. కొండెక్కి చూస్తే, పాత ఇటుక గోడల పక్కన తన చేను చుట్టూ సున్నం పూసిన కొయ్యలు, తాడు! అచ్చం ఆనాడు తమ పొలంలో పాతినలాంటివే. చలమయ్య సంతకెళ్ళాడు, ఇంట్లో నరపురుగు లేదు. చూరులో కొడవలి లాక్కుంది.

కంకులింకా పచ్చిగానే ఉన్నాయి. తెలిసే కోసింది, తవ్వేస్తే అవీ దక్కవని. పొద్దు వాలేలోగా చెక్కంతా బోడిగా అయిపోయింది.

చలమయ్య, తవ్వకాల ఆఫీసరూ కలిసే పైకొచ్చారు. చలమయ్య నెత్తి మీది మూట కింద పడేశాడు.

"ఏటి సేసినావప్పా! ఎందుకు కోసేసినావు?"

"తవ్వేత్తారని... కొయ్యలున్నాయి కదరా!"

"అయ్యి తవ్వడానికి కాదప్పా. మా అప్ప ఇత్తనం ఉంది బాబూ, ఎవులూ తొక్కకుండా సూడండని నానే కాళ్ళట్టుకుని కట్టించినాను."

ఆఫీసరు ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "అవునమ్మా. ఇటు వైపు కోతలయ్యాకే తవ్వుదామనుకున్నాం. ఇంకో నెలుంది."

గంగాలమ్మ కుప్ప ముందు చతికిలబడింది. ఒక కంకి నలిపి గింజ కొరికింది. పాలే. ఇంకోటి, ఇంకోటి. పాలే. ముదిరినవి పిడికెడైనా ఉండకపోతాయా అని చీకటి పడుతున్నా వెతుకుతూనే ఉంది. ఒక్కటీ దొరకలేదు.

"ఒక్క పూట ఆగి నన్నడగొచ్చు కదప్పా" అన్నాడు చలమయ్య ఏడుపు గొంతుతో.

"అప్పుడు మీ బావ అందర్నీ అడుగుతానే కూకున్నాడు కదరా!" అని గంగాలమ్మ ఆ పచ్చి కంకుల్లోనే మొహం దాచుకుని భోరుమంది.