నలభై మంది చుట్టాలు, తొమ్మిది వేల ఆరు వందల ఎలుకలు

2023 జూన్ 11, ఆదివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. మా ఇంటి చేపల పులుసు పరువు పోవడం మొదలైన సమయం అది. పోగొట్టింది నేనే. అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్లు. చిన్నతనం, ఏం తెలుస్తుంది చెప్పండి.

మాది మైపాడు. ఏటా వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ సముద్రంలోకి వెళ్లిన రోజు, మా మరిది పెంచలయ్య తెచ్చే మొదటి చేపలతో ఇంటి పెద్దకోడలు పులుసు కాచాలి. చుట్టాలు నలభై మంది తినాలి. అత్తగారు పోయాక ఆ గరిట నా చేతికొచ్చింది. ఇరవై రెండేళ్లుగా దాన్ని ఇంకొకరి చేతికివ్వలేదు, కడగడానికి కూడా.

ఆ ఆదివారం వసారాలో కూర్చుని, మా ఇంట్లో ఎవరి పెళ్లి ఏ తేదీన జరిగిందో మనవరాలు శిరీషకు వరసగా చెబుతున్నాను. తోడికోడలు వెంగమ్మ పెళ్లి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. తేదీ రాలేదు. నెల రాలేదు. ఏడాదీ రాలేదు. పక్కనే రొయ్యపొట్టు చెరుగుతున్న వెంగమ్మ చేట కింద పెట్టింది.

"అక్కకు నా పెళ్లే గుర్తులేదు. ఇంక పులుసులో ఉప్పు గుర్తుంటదా? ఈ ఏడు గరిట నాకిప్పించండి బావగారూ."

మా ఆయన పేపరు దించకుండా, "చూద్దాంలే" అన్నారు. మా కాపురంలో ఆయన చూద్దామన్నది ఏదీ నాకు అనుకూలంగా జరగలేదు.

శిరీష కావలిలో డిగ్రీ చదువుతోంది, జీవశాస్త్రం. పాపం, నన్ను ఓదార్చబోయింది.

"బాధపడబాక అవ్వా. పెద్ద వయసులో కూడా మెదడులో కొత్త కణాలు పుట్టొచ్చంటన్నారు. పసుపులో, సరస్వతాకులో ఉండే పదార్థాలు దానికి పనికొస్తాయేమోనని ఎలకలకు పెట్టి చూసినారు."

"పనిచేసిందా?"

"ఎలకల్లో కొంత చేసినట్టే ఉంది. మనుషుల్లో ఇంకా తేల్లేదవ్వా."

ఆ చివరి మాట నా చెవి దాకా వచ్చి, లోపల చోటు లేక వెనక్కి పోయింది.

ఇక లెక్కలో దిగాను. మా బియ్యం డ్రమ్ము వెనక తిరిగే ఎలుక పావు కిలో ఉంటుంది. నేను అరవై రెండు కిలోలు. అంటే రెండు వందల నలభై ఎనిమిది ఎలుకల పెట్టు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ నా ఒక్కదానికే తెలివి పెరిగితే ఎవరితో మాట్లాడాలి? చుట్టాలంతా మతిమరుపు మనుషులే. నలభై మంది, మనిషికి అరవై చొప్పున రెండు వేల నాలుగు వందల కిలోలు. అంటే తొమ్మిది వేల ఆరు వందల ఎలుకలు. ఎలుకకు పావు ఆకు చాలని నేనే ఖాయం చేసుకున్నాను. మొత్తం రెండు వేల నాలుగు వందల ఆకులు. రెండుసార్లు సరిచూశాను. లెక్కలో తప్పు లేదు. ఈ రోజుకీ లేదు.

మూడు రోజులు కాలువ గట్టు మీద వంగి వంగి ఆకు కోశాను. "ఏంది పెద్దమ్మా, మేకల్ని కొన్నారా?" అని దారిన పోయేవాళ్లు అడిగితే నవ్వి ఊరుకున్నాను. గొప్పవాళ్లు ముందుగా ఏదీ చెప్పరు కదా.

పదిహేనో తేదీ సాయంత్రం పెంచలయ్య వంజరాలు తెచ్చాడు. దబర నిండా పులుసు కాచి, మామిడి ముక్కలు వేసి, ఎవరూ చూడకుండా ఆకు ముద్దంతా కలిపేశాను. పులుసు పాచి పట్టిన గుంటలా పచ్చబడింది. ఇంకో నాలుగు గుప్పిళ్ల కారం వేసి దారికి తెచ్చాను. మరిగే పులుసు చుక్క నాలుక మీద వేసుకుంటే రవ్వంత చేదు తగిలింది. మెంతుల చేదేలే అనుకున్నాను.

మా వైపు చేపల పులుసు కాచిన పూట తినం. రాత్రంతా ఊరి, ముక్కకు పులుసు పట్టాలి. పట్టింది. పులుపు పట్టింది, కారం పట్టింది, ఆ రెండింటినీ పక్కకు నెట్టి చేదు పట్టింది. పొద్దున మళ్లీ రుచి చూడటం నాకు నామోషీ.

విస్తళ్లు వేశాం. మొదటి ముద్దకే నలభై నోళ్లు ఆగిపోయాయి. పెంచలయ్య ముద్దను ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చుకుంటూ అడిగాడు.

"వదినా, నేను తెచ్చింది చేపలే కదా?"

"గమ్మున తిను. మెదడుకు మంచిది."

శిరీష చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "అవ్వా, సరస్వతాకు వేసినావా? ఎన్నాకులు?"

"రెండు వేల నాలుగు వందలు."

"ఎందుకవ్వా అన్ని?"

"మనం తొమ్మిది వేల ఆరు వందల ఎలకలం గదా."

పెంచలయ్య ముద్ద మింగి, "నేనెన్ని ఎలకలొదినా?" అన్నాడు.

"నువ్వు ఎనభై ఐదు కిలోలు. మూడు వందల నలభై."

"మరి వెంగమ్మ?"

"నా లెక్క ఎవరూ చెప్పే పన్లేదు," అంటూ లేచింది వెంగమ్మ. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, నా ముందు చాపింది. "గరిటిట్టియ్యక్కా."

మా ఆయన వైపు చూశాను. ఆయన మజ్జిగ తాగుతున్నారు. మూడో గ్లాసు. చూద్దాం అని కూడా అనలేదు. ఇచ్చేశాను.

ఇప్పుడు వెంగమ్మే కాస్తోంది. బాగానే ఉంటుంది, ఇంతకంటే నన్నడగకండి. అయితే ఒక సంగతి. మా పెంచలయ్యకు సొంత ఫోను ఎక్కడ పెట్టాడో గుర్తుండదు, ఆ పులుసు తేదీ మాత్రం నిద్రలో అడిగినా చెబుతాడు. తిన్న నలభై మందిలో ఇంతవరకు ఒక్కరూ మర్చిపోలేదు. ఆకు పనిచేయలేదని నాతో ఎవరైనా వాదించగలరా?

అయినా కడలి సాక్షిగా చెబుతున్నాను. ఎలుకల మీద తేలినదాన్ని ఇక మీదట ఎలుకలకే వదిలేస్తాను. చుట్టాలను కిలోల్లో లెక్కపెట్టను.

పోయినవి: వంజరాలు ఆరు, మామిడికాయలు పదిహేను, మజ్జిగ మూడు బిందెలు, గరిట ఒకటి.