మెరీనా ఇసుకలో మా నాయన తీసిన చెలమ

మా చిన్నప్పుడు... మా ఊరి వంకలో నీళ్లు పారడం చూసింది తక్కువ, ఇసుక చూసింది ఎక్కువ. ఆ ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని నాయన రెండు చేతులతో గుంత తోడేవాడు. కాసేపటికి అడుగున తేట నీరు ఊరేది. దాన్నే చెలమ అంటాం. అమ్మ కొబ్బరి చిప్పతో ముంచి కడవలో పోసుకునేది... మా కరువు సీమలో, కంబదూరు పక్క పల్లెల్లో పుట్టినవాళ్లకు ఇదంతా చెప్పనక్కర్లేదు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే... మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో వారం రోజులుగా వైజాగ్ గొప్పదా, చెన్నై గొప్పదా అని కొట్టుకుంటున్నారు. బీచ్ ఎక్కడ శుభ్రం, రాత్రిళ్లు ఎక్కడ సరదా, అద్దెలు ఎక్కడ మంట... మధ్యలో మా చిన్నాయన మనవడొకడు "మా పెద్దతాత మెరీనాలో బావి తవ్వాడంట" అని రాసి, వరసగా నవ్వు బొమ్మలు పెట్టాడు. గ్రూపంతా నవ్వింది.

వాళ్లకు తెలిసింది సగం కథ. ఆ సగం ఊరంతా చెప్పుకుని తిరిగింది మా చిన్నాయన. మిగతా సగం చూసినవాణ్ణి నేను ఇంకా బతికే ఉన్నాను.

మా సరోజక్కకు నర్సు ట్రైనింగులో రెండు చోట్ల సీటు వచ్చింది. మద్రాసులో ఒకటి, విశాఖపట్నంలో ఒకటి. మద్రాసులో అయితే హాస్టలు. విశాఖలో అయితే చిన్నాయన అత్తగారింట్లో ఉండాలి... ఆ ఇంట్లో వంటమనిషి మానేసిందని, ఆ పని తన నెత్తిన పడుతుందని అక్కకు తెలుసు. చిన్నాయనకు ఇంకా బాగా తెలుసు.

రోజూ సాయంత్రం మా అరుగు మీద పంచాయితీ.

"మద్రాసులో రాత్రిపూట గూడా జనం నిద్రపోరు అన్నా. సినిమాలు, దీపాలు, షికార్లు... ఆడపిల్ల చెడిపోతాది. వైజాగ్ చూడు, ఒకపక్క కొండ, ఒకపక్క సముద్రం. ఎనిమిదికల్లా ఊరు సద్దుమణుగుతాది" అనేవాడు చిన్నాయన.

శనక్కాయల లారీ తోలే ఖాదర్ మామ ఊరుకునేవాడు కాదు. "ఏమప్పా, ఎనిమిదికే పండుకునేదానికి మనూరు ఉండాది కదా! అంత దూరం పోవల్లనా?"

అక్కను మాత్రం ఎవరూ అడగలేదు.

చివరికి నాయన తేల్చాడు. "ముందు మద్రాసు నీళ్లు చూద్దాం. బాగుంటే ఆడనే. బాగలేకుంటే తమ్ముడు చెప్పినట్ల వైజాగు."

మా ఇంట్లో అదొక పద్ధతి. ఆడపిల్లను కొత్త ఊరికి పంపేముందు, ఆ ఊరి ఇసుకలో చెలమ తీసి, మొదటి దోసిలి ఆ పిల్ల చేతనే తాగించాలి. ఆమె బాగుందంటేనే పంపడం. మా మేనత్తలందరూ అలా తాగి వెళ్లినవాళ్లే.

ఖాదర్ మామ లారీలోనే మద్రాసు వెళ్లాం. దారి చూపిస్తానని చిన్నాయన కూడా ఎక్కాడు. సాయంత్రానికి మెరీనా... సుండల్ అని గుగ్గిళ్లు అమ్మేవాళ్లు, గాలిపటాలు, ఇస్త్రీ చొక్కాల జనం. సముద్రం మీద గొప్పవాళ్లు రాసిన పుస్తకాలు ఆ తర్వాత చాలా చదివాను. ఆ రోజు నాయన చూసినట్టు చూసినవాడు వాటిలో ఒక్కడూ లేడు. ఆయన సముద్రం వైపు తిరగనే లేదు. ఇసుకనే చూస్తూ నిలబడిపోయాడు.

"ఇంత ఇసుక ఉండాది... అడుగున నీళ్లు లేకుండా యాడికి పోతాయి?"

సముద్రం ఉప్పని ఆయనకు తెలియక కాదు. ఇసుకలో ఊరిన నీరు ఏదైనా తియ్యబడుతుందని ఆయన నమ్మకం. వంక తప్ప వేరే ఇసుక ఎరగని మనిషి... మోకాళ్ల మీద కూర్చుని తవ్వడం మొదలుపెట్టాడు.

జనం మూగారు. అరవంలో ఏదో అని నవ్వారు. చిన్నాయన మాకేమీ కానట్టు దూరంగా పోయి, గాలిపటాలు చూస్తూ నిలబడ్డాడు.

నీరు ఊరింది. అక్క ఓణీ సర్దుకుని కూర్చుంది. దోసిలి పట్టి తాగింది. గొంతు కదిలింది, మొహం మాత్రం కదల్లేదు.

"బాగుండాయి నాయనా... మనూరి నీళ్ల మాదిరే ఉండాయి."

నేను వేలు ముంచి నాకాను. నాలుక మండిపోయింది. అక్క నా వైపు ఒక చూపు చూసింది. నోరు మూసుకున్నాను.

చిన్నాయనకు మళ్లీ మేము చుట్టాలమైపోయాం. పరుగెత్తుకొచ్చాడు. "అబద్ధం చెప్తాంది అన్నా! ఈడ నీళ్లు బాగుంటాయా యాడన్నా? నువ్వు తాగి చూడు!"

నాయన తడి చేత్తో మూతి తుడుచుకున్నాడు. అక్క మొహంలోకి చూశాడు.

"తాగేది ఆ పిల్ల, ఉండేది ఆ పిల్ల. బాగుండాయని చెప్పె కదా, ఇంక నేనెందుకురా తాగేది?" అని గుంతను ఇసుకతో పూడ్చేశాడు.

ఆ తడి చేతి ఉప్పు ఆయన పెదవులకు తగల్లేదని మాత్రం నాకు చెప్పకండి.

అక్క మద్రాసులో చదివింది, అక్కడే ఉద్యోగం చేసింది, అక్కడే ఇల్లు కట్టుకుంది. ఇప్పుడు నవ్వు బొమ్మలు పెట్టినవాడి తండ్రి, అంటే మా చిన్నాయన కొడుకు, ఆ ఇంట్లో మూడు పూటలా తిని డిగ్రీ పూర్తి చేశాడు. ఆ ముక్క గ్రూపులో ఎవరూ రాయలేదు.

ఇక పోటీ సంగతి. రెండు ఊళ్లలోనూ ఉన్నవాణ్ణి, చెబుతున్నాను. సముద్రం వైజాగ్‌లోనే అందం, సందేహం లేదు. మెరీనాలో చెత్త ఉంది, ఉక్క ఉంది, రాత్రి సరదాలు కావాలంటే రెండు ఊళ్లూ బెంగళూరు ముందు బలాదూరు. అయినా నా ఓటు చెన్నైకే. మా ఇంటి ఆడపిల్ల తనకు తాను ఎంచుకున్న మొదటి ఊరు అది.

ఇప్పుడు ఊరు మంచిదో కాదో, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఫోన్లో వేసిన రేటింగు చుక్కలు చూసి తేల్చుకుంటున్నారు... సుఖమే. కాదనను.

మీ ఇంట్లో మొదట ఊరు దాటిన ఆడపిల్ల ఎవరు? ఆమెకు అడ్డుపడిందెవరు? వరసలు పెట్టి మరీ రాయండి... పోయినవాళ్లను ఇప్పుడెందుకు అనడం అని మొహమాటపడకండి. నేను పడలేదు.