మూడు చుక్కలు, ఒక గీత

గంగాప్రసాద్‌కు ఒక దీవి చరిత్ర మొత్తం నోటికి వచ్చు. ఏ పటంలోనూ లేని దీవి అది, పేరు సొరామి. దాన్ని ఎర్ర ఓడల వాళ్ళు ఎప్పుడు ఆక్రమించారో, ఉప్పు కోట ఎవరు కట్టించారో, షినోబిలు ఆ కోటను లోపల్నుంచి ఎట్లా గుల్ల చేశారో అడిగితే తడుముకోకుండా చెబుతాడు. తన పెళ్ళి ఏ ఏడు అయిందంటే మాత్రం వేళ్ళు మడుస్తూ కూర్చుంటాడు.

చూడబోతే మనిషి జుఫైర్‌లో ఒక హోటల్ లాండ్రీలో ఇస్త్రీ పనివాడు. సొంతూరు జగిత్యాల దగ్గరి పల్లె. పదిహేనేళ్ళుగా బహ్రెయిన్‌లోనే ఉన్నా, ఊరి వాళ్ళకు అతను ఉన్నది దుబాయి. రెండేళ్ళకోసారి వంతు వచ్చినప్పుడు ఇంటికి పోయి వస్తాడు. వంతు కాని రోజుల్లో సెలవు అడిగే నోరు అతనికి దేవుడు ఇవ్వలేదు.

దీవి పుట్టింది కూతురు జమున కోసం. ఆ పిల్లకు ఎనిమిదేళ్ళప్పుడు ఇంట్లోకి టచ్ ఫోన్ వచ్చింది. అందులో నల్ల ముసుగుల వాళ్ళ బొమ్మలాటలు చూసి, "బాపూ, నింజాలను అసలైతే షినోబిలు అంటరట. ఎవల కండ్ల పడకుండ పని చేసుకొని పోతరట. నీకు ఎరికేనా?" అని అడిగింది. తెలియదని కూతురి దగ్గర ఒప్పుకునే తండ్రి ఎక్కడుంటాడు?

"ఎరికె లేకేంది బిడ్డా! మా హోటల్ ఎనక సముద్రంల వాళ్ళ దీవే ఉన్నది" అనేశాడు.

అన్నాక చెప్పక తప్పుతుందా! ప్రతి శుక్రవారం అన్నం తిన్నాక ఒక వాయిస్ మెసేజ్, అందులో దీవి చరిత్రలో ఒక ముక్క. అట్లా మొదలైంది.

కత్తి యుద్ధాలు, గోడల మీది గంతులు అతనికి చేతకావు. చేతనైంది బట్టల పని ఒక్కటే. అందుకని సొరామి షినోబిలందరూ కోటలో బట్టలు ఉతికే వాళ్ళయ్యారు. సైనికుడి కాలరు మీది దుమ్ము చూసి దండు ఏ దారిన వచ్చిందో చెప్పేవాళ్ళు. జేబులో మిగిలిన గింజలు చూసి కోటలో తిండి ఎన్నాళ్ళకు ఉందో చెప్పేవాళ్ళు. వాళ్ళ నాయకురాలు ఒరిన్ అనే ముసలమ్మ. ఒక పండుగకు ఆమె ఆరు వందల లాగుల బొందులు సగానికి కోసి, ఇస్త్రీ చేసి పంపింది. మరునాడు దొర ముందు కవాతులో సైన్యం మొత్తం రెండు చేతులతో లాగులు పట్టుకుని నిలబడింది. తుపాకులు ఎవరు పట్టుకుంటారు? ఆ రోజు తుపాకుల కొట్టు ఖాళీ అయింది.

ఈ ముక్క విని చిన్నవ్వ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్విందట. చిన్నవ్వ అంటే గంగాప్రసాద్ తల్లి. నలభై ఇళ్ళ బట్టలు ఉతికిన మనిషి. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి అంచు మూలన నల్లజీడి గింజ రసంతో ఇంటికో గుర్తు పెట్టేది. ఆ నల్ల గుర్తు బట్ట చిరిగిపోయినా పోదు. అక్షరం ముక్క రాదు గానీ నలభై గుర్తుల్లో ఒక్కటి తప్పేది కాదు. కొడుకు ఆ గుర్తులన్నీ ఎత్తుకుపోయి దీవికి రహస్య లిపిగా ఇచ్చేశాడు. ఒక చుక్క ఉంటే కోటలో కాపలా మారిందని. రెండు గీతలుంటే ఓడ కదిలిందని. మూడు చుక్కలు, ఒక గీత చిన్నవ్వ సొంతింటి గుర్తు. దీవిలో దాని అర్థం 'ఇంటికి రా' అని. మనవరాలి పక్కన కూర్చుని ముసలావిడ అన్నీ వినేది, తన గుర్తు వచ్చినప్పుడల్లా మురిసిపోయేది. జమున ఒక పొడుగు నోటు పుస్తకంలో అంతా రాసుకునేది.

అంతవరకు బాగానే ఉంది. జమునకు పదేళ్ళు నిండిన రోజున ఆ పిల్ల దగ్గర్నుంచి ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది. తెల్ల కాగితం మీద మూడు చుక్కలు, ఒక గీత. ఇంకో మాట లేదు.

గంగాప్రసాద్ సూపర్‌వైజర్ గది దాకా వెళ్ళాడు. తలుపు ముందు కాసేపు నిలబడ్డాడు. వంతు లేదంటాడేమో, కసురుకుంటాడేమో అనుకుని తలుపు తట్టకుండానే తిరిగి వచ్చేశాడు. రాలేనమ్మా అని కూతురికి చెప్పడానికీ నోరు రాలేదు. ఏం చేశాడంటే, ఆ శుక్రవారం చరిత్రలోకి రాకో అనేవాణ్ణి తెచ్చాడు. రాకో గొప్ప షినోబి. ఒకనాడు కోటలో అంగీలు మడతపెడుతుంటే అతనికి 'ఇంటికి రా' గుర్తు కనబడింది. చూడగానే చెయ్యి వణికింది. ఆ వణుకు కాపలావాడు చూశాడు, పట్టుకున్నాడు, ఉరి తీశారు. అప్పటి నుంచి ఎర్ర ఓడలు పోయేదాకా ఆ గుర్తు ఎవరూ పంపకూడదని ఒరిన్ కట్టడి చేసింది.

జమున మళ్ళీ ఆ గుర్తు పంపలేదు. గంగాప్రసాద్ హమ్మయ్య అనుకున్నాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పుడతనికి తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

మరుసటి ఏడు చిన్నవ్వ పోయింది. నిద్రలోనే పోయిందని జమున చెప్పింది. భార్య మల్లిక ఫోన్‌లో "అయిపోయింది" అని మాత్రం అంది. బాధపడకుండా పోయిందిలే అని గంగాప్రసాద్ ఎనిమిదేళ్ళు ఆ మాటనే పట్టుకుని బతికాడు. తర్వాత వంతుకు ఇంటికి పోతే మల్లిక ముభావంగా ఉంది. ఊరి వాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. దుఃఖం కాబోలు అనుకున్నాడు.

అసలు సంగతి మొన్న శుక్రవారం బయటపడింది. ఊరి తాపీ మేస్త్రీ ముత్తన్న మూడు నెలల కిందట బహ్రెయిన్ వచ్చాడు. బుసైతీన్‌లో ఇళ్ళు కడుతున్నాడు. ఇద్దరూ మధ్యాహ్నం అక్కడి సముద్రం ఒడ్డున రాళ్ళ మీద కూర్చున్నారు. ముత్తన్న చాలాసేపు నసిగి, చివరికి అడిగేశాడు.

"తమ్మీ, మనసుల పెట్టుకోకు. మీ అవ్వ గుర్తు పెట్టి పంపింది గదా. చూసి గూడ ఎందుకు రాలేదు నువ్వు?"

"ఏం గుర్తు? మా అవ్వ నిద్రల పోయింది గదనే!"

"నిద్ర ఎక్కడిది! పదకొండు రోజులు మంచంల ఉన్నది. మా ఇంటామె రోజూ జావ పోసేది. ఫోన్ చేస్తమంటే ఎవల్నీ చేయనియ్యలే. 'నా గుర్తు వాని దగ్గరికి పోయింది, వాడే వస్తడు' అని వాకిట్లనే మంచం ఏయించుకున్నది."

గంగాప్రసాద్‌కు ఇంకేమీ వినబడలేదు. ఆ పదకొండు రోజుల్లో ఒక శుక్రవారమైనా ఉంటుంది. అవ్వ ఏదంటే "పండుకున్నది బాపూ" అంది జమున. పండుకోనీలే అని, సముద్రం వెనక్కి పోయిన వేళ షినోబిలు ఇసుక మీద నడిచి కోట చేరిన ముక్క హుషారుగా చెప్పాడు తను.

అక్కడి నుంచే కూతురికి ఫోన్ చేశాడు. జమునకు ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు, కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతోంది.

"బిడ్డా, నాయినమ్మ ఎట్ల పోయింది?"

"నిద్రల పోయింది బాపూ. ఇప్పుడెందుకు? ఇక్కడంత మంచిగనే ఉన్నది."

ఎనిమిదేళ్ళుగా అదే మాట. జ్వరమొచ్చినా, పరీక్ష తప్పినా తనదాకా వచ్చేది మంచి కబురే. ఆ పిల్ల ఇంకా ఒరిన్ కట్టడిలోనే ఉందని అప్పుడు అర్థమైంది. తిట్టి అడిగితే చెప్పదు, బతిమాలినా చెప్పదు. కట్టడి వేసిన వాడే తీసెయ్యాలి.

చాలా ఏళ్ళ తర్వాత ఆ సాయంత్రం మళ్ళీ వాయిస్ మెసేజ్ పెట్టాడు. "బిడ్డా, ఇది దీవి చరిత్రల ఆఖరి ముక్క. ఎర్ర ఓడలు ఎల్లిపోయినయి. ఒరిన్ ఉప్పు కోట ఎక్కి అందరికి ఒక మాట చెప్పింది. రాకోను ఎవలూ పట్టుకోలే, ఉరి తియ్యలే. గుర్తు చూస్తే ఎవలూ సావరు. ఇంటికి రమ్మంటే, సెలవు అడగనీకి భయమై, ఆ ఉరి కథ అల్లినోడు ఒకడున్నడు. వాడు పిరికోడు. ఇగ ఎవలైన ఏ కబురైన పంపచ్చు."

మరునాడు పొద్దున డ్యూటీలో, దుప్పటి మీద ఇస్త్రీ పెట్టె జరుపుతుండగా ఫోన్ మోగింది. ముందు ఫొటో వచ్చింది. పాత తువ్వాలు, అంచు మూలన మూడు చుక్కలు, ఒక గీత. గీత చివర వంకరపోయింది. నలభై ఏళ్ళు గుర్తులు పెట్టిన చెయ్యి ఎప్పుడూ అంత వంకరగా గీయలేదు.

ఫొటో వెనకే జమున గొంతు.

"బాపూ, మంచంల పండుకొనే పెట్టింది. ఫొటో తీసి పంపుమన్నది. తీసిన గని పంపలే. నువ్వు చూస్తే నీ చెయ్యి వణుకుతది, నిన్ను పట్టుకుంటరు అనుకున్న. రోజు అడిగేది, చూసిండా అని. చూసిండు, బయలెల్లిండు అని చెప్పిన. ఆఖరి రోజు గూడ అదే చెప్పిన. పెద్దగైనంక తెలిసింది బాపూ, నిన్ను ఎవలూ పట్టుకోరని. అప్పటికి చెప్పనీకి మొఖం లేదు."

తప్పు నీది కాదు బిడ్డా, నాది అని చెప్పి పంపాడు. దుప్పటి మడత పెట్టబోతే చెయ్యి వణికింది. రాకో చెయ్యి వణికిందని తను చెప్పాడే, అచ్చం అట్లాగే.

ఇస్త్రీ పెట్టె ఆపి, సూపర్‌వైజర్ గదికి నడిచి తలుపు తట్టాడు. పదిహేనేళ్ళుగా అదే మలయాళీ పెద్దాయన.

"ఇంటికి పోవాలి సార్" అన్నాడు.

ఆయన కాగితాల మీంచి తల కూడా ఎత్తలేదు. "ఎన్ని రోజులు కావాలి భాయ్?" అన్నాడు. ఆ తర్వాత తలెత్తి మనిషిని చూశాడు. "ఇన్నేళ్ళలో వంతు లేకుండా ఎప్పుడూ అడగలేదు నువ్వు. నీకు ఇంటి మీద ధ్యాస లేదనుకున్నాను."

గంగాప్రసాద్ ఆ గదిలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎన్ని రోజులో చెప్పమని ఆయన ఇంకో రెండుసార్లు అడిగాడు.